కారులో పాట చెడిందా? ముందు ఎర్ర వైరు చూడండి

మీ కారులో బయట కొని బిగించిన యాంప్లిఫయరుగానీ వూఫరుగానీ ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ఒకసారి వెళ్లి బానెట్ ఎత్తండి. ఇంజను ఆపాక, చల్లారాక. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ దగ్గర కంపెనీ వైర్లతో పాటు ఇంకో లావుపాటి వైరు, సాధారణంగా ఎర్రది, బయల్దేరి లోపలికి పోతూ ఉంటుంది. దాని వెంటే చూపు పోనివ్వండి. బ్యాటరీ నుంచి ఒకటిన్నర అడుగు లోపలే దాని మీద ఫ్యూజు హోల్డరు కనబడాలి. కనబడలేదా, ఆ కారును ఈరోజు రోడ్డెక్కించకండి. పాట బాగా వస్తోందా, గరగరమంటోందా అన్నది తర్వాతి మాట.

చిన్న కారు బ్యాటరీ అయినా షార్టయిన క్షణంలో వందల ఆంపియర్లు కక్కగలదు. ఇంట్లో స్విచ్చు బోర్డులా షాకు కొట్టదు గనక 12 వోల్టులంటే మనకు లెక్కలేదు. కానీ వైరును కాల్చేది కరెంటు, అది ఇక్కడ కావలసినంత ఉంది. ఆ ఎర్ర వైరు ఇంజను దగ్గర్నుంచి మనం కూర్చునే చోటికి రావాలంటే మధ్యలో ఒక ఇనప రేకు దాటాలి. కంపెనీ వాళ్లు అలాంటి ప్రతి కన్నానికీ రబ్బరు గ్రామెట్ తొడుగుతారు. సాయంత్రంలోపు ఇంకో మూడు బళ్లు ముగించాల్సిన కుర్రాడు మాత్రం డ్రిల్లుతో కొత్త కన్నం వేసి, గ్రామెట్ లేకుండానే వైరు లాగేస్తాడు. కోసిన రేకు అంచు పదును మీద ఉంటుంది. గోతుల్లో బండి కుదిపినప్పుడల్లా ఆ అంచు వైరు తొడుగును కొంచెం కొంచెంగా చెక్కుతుంది. ఎప్పుడో ఒకనాడు లోపలి రాగి రేకుకు తగులుతుంది. దారిలో ఫ్యూజు ఉంటే టప్పున తెగి పాట ఆగిపోతుంది, అంతటితో సరి. లేకపోతే వైరు ఎర్రగా కాలుతుంది. చుట్టూ ఉన్నవేమో కార్పెటు, ఫోము, ప్లాస్టిక్కు. తాళం తీసేసినా ఆగదు, ఎందుకంటే ఆ వైరు తాళంచెవితో పనిలేకుండా నేరుగా బ్యాటరీకే కట్టి ఉంటుంది. ఇంటి ముందు నిలబెట్టిన కారు అర్ధరాత్రి అంటుకోవడానికి ఇదొక దారి.

యాంపు వెనక ఫ్యూజులున్నాయి కదా అని షాపువాడు అంటాడు. ఉన్న మాట నిజమే. అవి యాంపును కాపాడతాయి. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా పాకిన అంత పొడుగు వైరుకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు. అవి ఉన్నది ఆ వైరుకు అటు కొసన.

ఈ సంగతి ఇప్పుడింత గట్టిగా చెప్పాల్సి రావడానికి కారణం, కారులో శబ్దం చెడినప్పుడు మనవాళ్లు చేసే పనులు. స్పీకరు చిటపటలాడటం, పాట ఆగి ఆగి రావడం, ఇంజనుతో పాటు సన్నగా కూత పెట్టడం, వాల్యూము పెంచగానే యాంపు ఆగిపోవడం. వీటిని పాటకొచ్చిన జబ్బులనుకుంటున్నాం. చాలాసార్లు ఇవి కరెంటు దారిలో ఎక్కడో జాయింటు వదులైందనో, ఎర్తు తుప్పు పట్టిందనో, వైరు ఒరుసుకుపోయిందనో చెబుతున్నాయి. కారు అంటుకోవడానికీ కారణాలు ఇవే. అంటే పొగ రావడానికి ఎంతో ముందే చెవికి కబురందుతోంది. ఆ కబురును వినకుండా నోరు నొక్కే మరమ్మతులే అసలు ప్రమాదం.

వాటిలో మొదటిది, అన్నిటికన్నా మామూలుగా జరిగేది, ఫ్యూజు పెంచడం.

‘ఏంటి తమ్ముడూ, మాటిమాటికీ ఫ్యూజు పోతోంది?’

‘కంపెనీ వాళ్లు పదే వేశారు సార్, అది చాలదు. ముప్పై వేసేశా. ఇక పోదు.’

ఇద్దరికీ సంతోషమే. కారు ఫ్యూజులకు రంగును బట్టి లెక్క: ఎర్రది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఎర్రది ఉండాల్సిన చోట ఆకుపచ్చది కూర్చుంది. వైరు మాత్రం పాతదే, పది ఆంపియర్లకు సరిపోయేలా కంపెనీ వేసిన సన్న వైరు. కరెంటు మూడింతలైతే వైరులో పుట్టే వేడి మూడింతలు కాదు, తొమ్మిదింతలవుతుంది. ఫ్యూజు తెగాల్సిన చోట వైరు తెగుతుంది, తెగేముందు కాలుతుంది, అదీ డ్యాష్‌బోర్డు వెనక, మనకు కనబడని చోట. దీనికన్నా ఘోరం సిగరెట్ పెట్టెలోని వెండి రేకు చుట్టడం. హైవే మీద రాత్రిపూట డ్రైవర్లు చేసుకునే సర్దుబాటు ఇది. తెల్లారాక ఆ రేకు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఫ్యూజు బాక్సు మూత లోపలి వైపున ఏ గదిలో ఎన్ని ఆంపియర్లు ఉండాలో బొమ్మ గీసి ఉంటుంది. ఒక్కసారి తీసి పోల్చి చూసుకోండి. సెకండ్ హ్యాండు కారైతే తప్పనిసరిగా.

ఫ్యూజు పోయిందంటే ఏదో ఒక కారణం ఉంటుంది, అది దొరికేదాకా కొత్తది వేయకూడదు. ఒక్కోసారి కారణం నవ్వొచ్చేంత చిన్నది. కొన్ని కార్లలో స్టీరియోకీ, మొబైల్ చార్జరు పెట్టే సాకెట్టుకూ ఒకటే ఫ్యూజు. సాకెట్టులో రూపాయి బిళ్ల పడితే పాట ఆగిపోతుంది. స్టీరియో మొత్తం విప్పి చూసినా ఏమీ దొరకదు. ఇంకోసారి డోరు స్పీకరు వైరు కిటికీ అద్దం దిగే దారిలో నలిగి రేకుకు తగులుతుంది. ఇప్పటి స్టీరియోల్లో స్పీకరు నెగటివ్ వైరును బాడీకి తగిలించకూడదు, తగిలితే లోపలి ఐసీ పోతుంది. పాత రోజుల అలవాటుతో నెగటివే కదా అని బాడీకి కట్టేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు.

ఇక కూత. యాక్సిలరేటరు తొక్కితే సన్నగా మొదలై పైపైకి పోతుంది, కాలు తీస్తే దిగుతుంది. ఇది డైనమో నుంచి వచ్చే కూత, మనవాళ్లు డైనమో అన్నా దాని అసలు పేరు ఆల్టర్నేటరు. స్టీరియో ఒక చోట, యాంపు ఇంకో చోట ఎర్తు తీసుకుంటూ, ఆ రెండు చోట్ల మధ్య చిన్న తేడా ఉన్నప్పుడు ఆ తేడా సిగ్నల్ వైరులోకి చొరబడి స్పీకర్లో పలుకుతుంది. దీనికి షాపులో చూపించే మందు నాయిస్ ఫిల్టరు. అది శబ్దం తగ్గిస్తుందేమో గానీ, యాంపు ఎర్తు బోల్టు కింద పెయింటు గీకకుండా బిగించిన తప్పు అలాగే ఉండిపోతుంది. పెయింటు మీద బిగించిన ఎర్తు సరిగా ఆనదు, వేడెక్కుతుంది. డిక్కీ కార్పెటు ఎత్తి ఆ నల్ల వైరు ఎక్కడ బిగించారో చూడండి. రేకు తెల్లగా మెరిసేలా గీకి, స్టార్ వాషరు వేసి, కదలకుండా బిగించి ఉండాలి. వైరు పొడవు కూడా ఒకటిన్నర అడుగు మించకూడదు. సీటు బెల్టు బోల్టుకు ఎర్తు కడతారు కొందరు. వద్దు. అది ప్రాణం కాపాడే బోల్టు, దాన్ని విప్పి బిగించే హక్కు పాటల మేస్త్రీకి లేదు.

ఏ మార్పూ చేయకుండా, ఏళ్ల తరబడి బాగా పలికిన సిస్టంలో హఠాత్తుగా కూత మొదలైతే అది ఇంకో కథ. ఆల్టర్నేటరు లోపలి డయోడు పోయి ఉండొచ్చు, ఇంజను ఎర్తు పట్టీ వదులై ఉండొచ్చు. మల్టీమీటరు పెడితే, ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దాకా, ఇంజను నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. కొన్ని కొత్త కార్లు చార్జింగును తామే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి కనుక ఒక్కోసారి తక్కువా చూపుతాయి. 15 దాటుతోందంటే మాత్రం స్టీరియో షాపుకు కాదు, ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాలి.

ఇక్కడొక మాట మధ్యలో చెప్పాలి. ఈ కూత కనిపెట్టాలంటే ఇంజను నడుస్తూ ఉండాలి. అలాగని షట్టరు దించిన షెడ్డులోనో, అపార్టుమెంటు సెల్లారు మూలనో ఇంజను నడిపిస్తూ గంటసేపు వైర్లు కెలకడం ఆత్మహత్యతో సమానం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసనా రంగూ ఉండవు. ముందు తలనొప్పి, తర్వాత మగత, తర్వాత లేవలేరు. బండిని బయటికి, గాలి ఆడే చోటికి తెచ్చాకే చెవి పెట్టండి. నడుపుతూ చెవి పెట్టడం దీనికి తీసిపోదు. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. టచ్ స్క్రీనులో బ్యాలెన్సు ఎక్కడుందా అని మూడు సెకన్లు వెతికితే 66 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే.

బండి ఆపి, ఏ స్క్రూ విప్పకుండా, యజమాని తానే చేసుకోగల పరీక్షలు లేకపోలేదు. అవి ముందు చేసుకుంటే షాపులో అనవసరంగా ఏదీ విప్పించక్కర్లేదు. చార్జరు, డ్యాష్ కెమెరా, సీటు మసాజరు లాంటివి సాకెట్టులో ఏమున్నా పీకేయండి. నాసిరకం చార్జర్లు ఎఫ్‌ఎం రేడియోలోకి బుస్సుమనే రొద పంపుతాయి, దానికే స్టీరియో మార్పించుకున్నవాళ్లున్నారు. తర్వాత బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్‌ఎం ఒక్కొక్కటీ పెట్టి చూడండి. బ్లూటూత్‌లోనో యూఎస్‌బీలోనో మాత్రమే గోల ఉంటే తప్పు చాలావరకు ఫోనుదో పెన్ డ్రైవుదో, కారుది కాదు. అన్నిటిలోనూ ఉంటే బ్యాలెన్సు పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి, ఫేడరు ముందుకు, వెనక్కు తిప్పి ఏ మూల నుంచి వస్తోందో పట్టండి. ఒక డోరులోనే ఉంటే పాట పెట్టి ఆ డోరును మెల్లగా తెరుస్తూ మూస్తూ వినండి. మధ్యలో ఎక్కడో పలికి ఎక్కడో ఆగితే, కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వైరు మడతపడి తెగిందని అర్థం. వేలసార్లు మడిచి విప్పే చోటు అది. అందులోనే పవర్ విండో, సెంట్రల్ లాకు వైర్లూ ఉంటాయి కాబట్టి స్పీకరే కదా అని వదిలేయకండి. ప్రమాదంలో డోర్ల లాకు తెరుచుకోవాల్సిందీ వాటితోనే.

ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్తే మేస్త్రీ చేతికి పని సగం తగ్గుతుంది. ‘సౌండు రావట్లేదన్నా, చూడు’ అంటే అతను డ్యాష్‌బోర్డు మొత్తం విప్పుతాడు. అక్కడే రెండో ప్రమాదం మొదలవుతుంది.

డ్యాష్‌బోర్డు వెనక, స్టీరింగు కింద, ముందు సీట్ల అడుగున పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు వైర్లు కనబడతాయి. అవి ఎయిర్‌బ్యాగులవి, సీటు బెల్టును లాగిపట్టే యంత్రానివి. మన దేశంలో డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జులై 1 నుంచి తప్పనిసరి అయింది, 2021లో పక్క సీటుకూ వచ్చింది. అంటే ఇవాళ షాపుకొచ్చే కార్లలో పసుపు వైర్లున్న బళ్లు చాలానే ఉంటాయి. వాటికి టెస్ట్ లాంప్ తగిలించడమంటే ఎయిర్‌బ్యాగును రెచ్చగొట్టడమే. ముఖానికి అంగుళాల దూరంలో అది పేలితే మనిషి కోలుకోవడం కష్టం. సీటు కింద యాంపు పెట్టడానికి అడ్డంగా ఉందని పసుపు కప్లరు పీకేస్తే అది ఇంకా మోసం. కారు మామూలుగానే నడుస్తుంది, పాట బ్రహ్మాండంగా వస్తుంది, గుద్దుకున్న రోజున ఎయిర్‌బ్యాగు తెరుచుకోదు. షాపు నుంచి బయటికొచ్చేముందు తాళం తిప్పి మీటర్లో ఎయిర్‌బ్యాగు గుర్తు చూడండి. కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. వెలిగే ఉన్నా, అసలు వెలగకపోయినా బండి తీసుకోవద్దు.

ట్వీటర్ల సంగతీ ఇక్కడే. ముందు అద్దానికి పక్కన ఏటవాలుగా నిలబడే స్తంభం మీద ట్వీటరు బిగిస్తే గొంతు స్పష్టంగా వినిపిస్తుంది, కాదనను. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారులో ఆ బ్యాగు వచ్చేది ఆ స్తంభం వెంటే. అడ్డుగా బిగించిన ట్వీటరు అప్పుడు తూటా అవుతుంది. ఎలక్ట్రిక్ కార్లవాళ్లకు ఇంకో రంగు గుర్తుండాలి, నారింజ. నారింజ తొడుగున్న కేబుల్లో వందల వోల్టులుంటాయి. కింద నుంచి వైరు లాగడానికి ఆ దారి వాడే ఆలోచనే రాకూడదు.

వాట్ల మోజు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది గానీ, ఒక్క లెక్క చెప్పక తప్పదు. యాంపు డబ్బా మీద 5000 వాట్లని బంగారు అక్షరాలుంటాయి. తిప్పి చూస్తే ఒకే ఒక్క 30 ఆంపియర్ల ఫ్యూజు. ముప్పైని 14 వోల్టులతో గుణించండి, 420 వాట్లు. లోపలికి నిలకడగా పోయేదే అంత, బయటికొచ్చేది అంతకన్నా తక్కువ. ఇలాంటి యాంపును గట్టిగా పలికించాలని గెయిన్ స్క్రూ చివరిదాకా తిప్పితే శబ్దం నలిగి గరగరలాడుతుంది, ట్వీటర్లు కాలిపోతాయి, ప్రొటెక్ట్ ఎర్ర లైటు వెలుగుతుంది. ప్రొటెక్ట్ లైటు వెలిగితే చల్లార్చి మళ్లీ మొదలుపెట్టడం కాదు చేయాల్సింది, స్పీకర్ల ఓములు సరిపోయాయో లేదో, వైరు ఎక్కడ నలిగిందో చూడటం. బేసు కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే షాపుల్లో తాయెత్తులా చేతిలో పెట్టేది ఒక ఫారడ్ కెపాసిటరు. అది కొత్తగా కరెంటు పుట్టించదు. వైరు సన్నదైనా, ఆల్టర్నేటరుకు అంత సత్తా లేకపోయినా అది చేయగలిగింది చాలా తక్కువ.

వైరు కొనేటప్పుడు ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. గీకిన చోట తెల్లగా వెండి రంగు కనబడితే అది రాగి తొడుగు వేసిన అల్యూమినియం. లావుగా కనబడుతుంది, చవక, అదే లావు రాగి వైరు మోసినంత కరెంటు మోయలేదు. విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా రెండు రకాలూ ఉంటాయి, అడిగినవాడికే అసలు రాగి దొరుకుతుంది. జాయింట్ల మీద నల్ల టేపు చుట్టి వదిలేయనివ్వకండి. రెంటచింతల, రామగుండం ఎండల్లో అద్దాలు మూసి నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు చేయి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది, లోపలి రాగి బయటపడుతుంది. కప్లరుకు కప్లరు బిగించే అడాప్టరు వైరింగు దొరుకుతున్నప్పుడు కంపెనీ వైర్లు కోయించడం ఎందుకో అర్థం కాదు. ఆ మిగిలే కొద్ది డబ్బుకు వారంటీ పోగొట్టుకుంటున్నాం. తర్వాత బిగించిన ఎలక్ట్రికల్ సామాను వివరాలు బీమా కంపెనీకి చెప్పి పాలసీలో రాయించుకోకపోతే, కారు కాలిన రోజున క్లెయిము దగ్గర కొర్రీలు మొదలవుతాయి. బిల్లు లేకుండా బిగించిన యాంపుకు ఆధారం చూపడం మీవల్ల కాదు.

సెకండ్ హ్యాండు కారు కొన్నవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. వాటిలో కొన్ని కడిగి, పాలిష్ పెట్టి, చేతులు మారుతూ తిరుగుతూనే ఉంటాయి. డోరు స్పీకరు కారులో కింది ఎత్తున ఉంటుంది గనక ముందుగా మునిగేవాటిలో అదొకటి. కొన్న కారులో స్పీకర్లు చిటపటలాడుతుంటే ఒక డోరు ప్యాడు విప్పించి చూడండి. అట్ట ఉబ్బి, స్క్రూలకు తుప్పు, కప్లరు లోపల పచ్చటి చిలుము, మూలల్లో ఎండిన బురద గీత కనబడితే ఆ చిలుము స్పీకరు దగ్గరే ఆగి ఉండదు. సీట్ల కింద, కార్పెటు అడుగున ప్రతి జాయింటులోనూ ఉంటుంది. స్పీకరు మార్చి ఊరుకోవడం ఆత్మవంచన, వైరింగు మొత్తం చూపించాలి.

ఇన్ని చెప్పినా ఎవరో ఒకరికి ఆ వాసన తగలక తప్పదు. ప్లాస్టిక్కు కాలుతున్న ఘాటు వాసన, ఏసీ గాలిలో ముక్కు మండించేది. పాట కట్టేసి చూద్దాం, ఇంకో పది కిలోమీటర్లలో ఊరొస్తుంది అనుకోవద్దు. వెంటనే పక్కకు తీసి, ఇంజను ఆపి, అందరినీ దింపండి, మొదట వెనక సీటు పిల్లల్ని. సెంట్రల్ లాకు వైర్లు కాలితే డోర్లు మొరాయించొచ్చు, అందుకే అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డిక్కీలో కాక డ్రైవరు చేతికందేలా ఉండాలి. కొట్టాల్సింది పక్క అద్దం మూలన, ముందు అద్దం లోపల పొర ఉండి పగలదు. పొగ బానెట్ కింద నుంచి వస్తుంటే బానెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలితే మంట లేస్తుంది. మంటలార్పే కిలో డ్రై పౌడరు సిలిండరు ఉంటే సందులోంచి కొట్టండి, అయిపోయినా ఆరకపోతే వదిలేసి దూరం జరగండి. పర్సు కోసం, ఫోను కోసం వెనక్కి వెళ్లొద్దు. 101కి గానీ 112కి గానీ ఫోను చేసేటప్పుడు కిలోమీటరు రాయి నంబరు చెప్పండి, కారు ఎలక్ట్రిక్‌దైతే ఆ మాట మొదటే చెప్పండి.